వ్యాపార బ్లాగులో ఏం రాస్తే కొనేవారు చదువుతారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెక్క ఫర్నిచర్ తయారుచేసి నేరుగా అమ్ముతున్నారు. ఏడాదిగా మీ వెబ్‌సైట్‌లో బ్లాగు కూడా నడుపుతున్నారు. చదివేవారు లేరు, దానివల్ల ఒక్క ఆర్డరైనా వచ్చిందో లేదో తెలియదు. ఇప్పుడు ఒక ఏజెన్సీ వచ్చి, కృత్రిమ మేధతో నెలకు ముప్పై టపాలు, అంటే బ్లాగు వ్యాసాలు, రాసి పెడతామంటోంది. వాళ్లకు ఒప్పుకోవాలా, లేక బ్లాగు మూసేసి ఆ డబ్బును సోషల్ మీడియా ప్రకటనలకు మళ్లించాలా?

రెండూ వద్దనే చెబుతాను. చాలా కాలంగా రకరకాల సంస్థలకు బ్లాగులు చూసిపెడుతున్నాను. చదివేవారు లేక చతికిలపడ్డ బ్లాగుల్లో ఎక్కువ వాటికి ఉన్న జబ్బు ఒకటే, మీ టపాల జాబితాలోనూ అదే కనిపిస్తోంది. పండగ శుభాకాంక్షలు, కొత్త షోరూం ప్రారంభం, ‘నాణ్యతే మా ఊపిరి’, ‘మమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలి’, తగ్గింపు ధరల ప్రకటన. ఇవన్నీ మీరు చెప్పుకోవాలనుకున్న సంగతులు. రేపు భోజనాల బల్ల కొనబోయే మనిషి వీటిలో దేన్ని వెతుక్కుంటూ వస్తాడు? ఒక్కదాన్నీ కాదు. ఆయన మనసులో అప్పటికే కొన్ని ప్రశ్నలున్నాయి. వాటికి ఎవరు సూటిగా జవాబు చెబితే వారి దగ్గర ఆగుతాడు.

ఆ ప్రశ్నలు మీ సంస్థలోనే ఉన్నాయి. ఫోను ఎత్తేవారికి తెలుసు, ఇంటికి వెళ్లి సామాను బిగించి వచ్చే మేస్త్రీకి తెలుసు, ఫిర్యాదులు చూసేవారికి ఇంకా బాగా తెలుసు. ఫోను పక్కన ఒక నోటు పుస్తకం పెట్టించండి. వచ్చిన ప్రతి ప్రశ్ననూ అడిగినవారి మాటల్లోనే రాయమనండి. వారి మాటల్లోనే రాయాలన్న షరతు మాత్రం సడలించవద్దు. మీరు ‘ఇంజనీర్డ్ వుడ్’ అంటారు. ఆయన ‘ఇది అసలు చెక్కేనా, పొట్టు అతికించిందా?’ అంటాడు. సెర్చ్ ఇంజిన్‌లో టైపు చేసేటప్పుడు కూడా ఆయన వాడేది తన మాటలనే. కీవర్డుల కోసం, అంటే జనం వెతికే మాటలు తెలుసుకోవడానికి, ఖరీదైన సాధనాలు కొనే ముందు ఈ పుస్తకం నాలుగు పేజీలు నిండనివ్వండి. నా అనుభవంలో దీనికి మించిన సాధనం లేదు.

ఒక ప్రశ్న తీసుకుని దగ్గరగా చూద్దాం. ‘వానలు మొదలయ్యాక సొరుగు తెరుచుకోవడం లేదు. చెక్క మంచిది కాదా?’ ఫర్నిచర్ అమ్మేవారెవరికైనా ఈ ఫోను వచ్చే ఉంటుంది. దీనికి మామూలుగా కనిపించే టపా ఎలా మొదలవుతుందో మీకూ తెలుసు: ‘మా సంస్థ బాగా ఆరబెట్టిన, అత్యుత్తమ కలపను మాత్రమే వాడుతుంది...’ చదివేవాడు అక్కడే పేజీ మూసేస్తాడు. ఆయన ఇంట్లో సొరుగు ఇంకా తెరుచుకోలేదు కదా. ఇలా మొదలుపెట్టి చూడండి:

‘వానాకాలంలో సొరుగు బిగుసుకున్నంత మాత్రాన చెక్క పాడైందని కాదు. గాలిలో తేమ పెరిగితే చెక్క దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. ఈ ఉబ్బు నార వెంబడి పొడవులో దాదాపు కనిపించదు, నారకు అడ్డంగా కనిపిస్తుంది. అందుకే సొరుగు పక్క పలకల ఎత్తు కాస్త పెరిగి, పైనా కిందా పట్టేస్తుంది. తొందరపడి చిత్రిక పట్టించకండి. తేమ తగ్గగానే చెక్క మళ్లీ కుదించుకుంటుంది, అప్పుడు ఆ సొరుగు వదులై ఊగుతుంది. ప్రస్తుతానికి సొరుగును బయటికి తీసి, గాలి ఆడే పొడి గదిలో కొన్నాళ్లు ఉంచండి. రాసుకుంటున్న చోట కొవ్వొత్తి మైనం రుద్దండి. పొడి వాతావరణంలో కూడా పట్టేస్తుంటే అప్పుడు వడ్రంగిని పిలవండి.’

ఈ నాలుగు మాటల్లో మీ సంస్థ పేరు లేదు, పొగడ్త లేదు, ‘ఇప్పుడే కొనండి’ లేదు. అయినా రాసినవారికి చెక్క గురించి తెలుసునని చదివినవారికి అర్థమైపోతుంది. చివర్లో ఒక ఫొటో పెట్టి, మీ సొరుగులకు పైన ఎంత ఖాళీ వదులుతారో, ఎందుకు వదులుతారో రెండు వాక్యాల్లో చెప్పండి. అమ్మకానికి సంబంధించిన మాట అంతవరకు చాలు. ఆ టపా చదివేవారిలో చాలామంది, సొరుగు పట్టేసిన తమ బీరువాను వేరేచోట కొన్నవారే అయి ఉంటారు. ఉండనివ్వండి. మళ్లీ కొనే రోజు వచ్చినప్పుడు, ఆపదలో అక్కరకొచ్చిన మాట ఎవరిదో వారికి గుర్తుంటుంది. బ్రాండు అని మనం పెద్ద మాటగా చెప్పుకునేది ఇలాంటి గుర్తులు పోగుపడగా ఏర్పడేదే. లోగో, రంగులు, నినాదం దానికి పైమెరుగులు.

ఇక ధర. వ్యాపారులు బ్లాగులో రాయడానికి అన్నిటికన్నా ఎక్కువ జంకేది దీని గురించే. ‘ఒక్కో ఆర్డరుకు ఒక్కో ధర, రాయడం కుదరదు’, ‘పోటీవాళ్లు చూస్తారు’, ‘ధర చూసి పారిపోతారు’ అంటారు. ఈ విషయంలో నేను తరచూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని రివర్ పూల్స్ అండ్ స్పాస్ అనే సంస్థది. వర్జీనియాలో ఫైబర్‌గ్లాస్ ఈతకొలనులు అమర్చే సంస్థ అది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆర్డర్లు రద్దయి, మూతపడే దశకు చేరింది. ప్రకటనలకు పెట్టే డబ్బు లేదు. భాగస్వాముల్లో ఒకరైన మార్కస్ షెరిడన్, కొనుగోలుదారులు అన్నాళ్లుగా అడుగుతున్న ప్రశ్నలు ముందు వేసుకుని, ఒక్కోదానికి ఒక్కో టపాలో జవాబు రాయడం మొదలుపెట్టారు. ఫైబర్‌గ్లాస్ కొలనుకు ఎంత ఖర్చవుతుంది? కాంక్రీటుతో కట్టినదానికీ దీనికీ తేడా ఏమిటి? ఫైబర్‌గ్లాస్‌లో ఉన్న లోపాలేమిటి? ఆ రంగంలో మిగతావారు బయటికి చెప్పడానికి ఇష్టపడని సంగతులివి. ఖర్చు గురించి రాసిన ఆ ఒక్క టపా ద్వారానే పది లక్షల డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయని ఆయన తర్వాతి కాలంలో లెక్క చూపించారు. సంస్థ నిలబడింది.

మీరు చేయాల్సింది ధరల పట్టిక అచ్చు వేయడం కాదు. ధర ఎందుకు మారుతుందో విప్పి చెప్పడం. ఆరుగురు కూర్చునే బల్ల ఒకటి తక్కువ ధరకూ, దాని పక్కదే రెండింతల ధరకూ ఎందుకు దొరుకుతుంది? కలప రకం, పలక మందం, కీళ్లు ఎలా కలిపారు, పైపూత ఏమిటి, చేతిపని ఎంత, రవాణా ఎంత అని ఒక్కోటీ చెప్పుకుంటూ వెళ్లండి. ఈ మొత్తం నుంచి ఈ మొత్తం వరకు ఉంటుందని ఒక హద్దు కూడా ఇవ్వండి. ధర చూసి వెళ్లిపోయేవారు ఎలాగూ ఫోనులో విని వెళ్లిపోయేవారే. చదివాక కూడా ఫోను చేసినవారితో మీకు బేరసారాల సమయం సగం తగ్గుతుంది.

దీనికి తోబుట్టువులాంటిదే మరో రకం టపా: మీ వస్తువు ఎవరికి సరిపోదో చెప్పేది. తరచూ ఇల్లు మారేవారికి బరువైన గట్టి చెక్క మంచం సుఖం కాదు. విప్పి బిగించుకునే తేలిక మంచమే వారికి మేలు. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక, చదునుగా, చవగ్గా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, కానీ అంచుల్లోంచి నీళ్లు దిగితే ఉబ్బి మళ్లీ మామూలు రూపానికి రాదు. కాబట్టి సింకు కింద వద్దు, పుస్తకాల అలమరకు పరవాలేదు. ఇలా రాస్తే అమ్మకం పోతుందని మీ అమ్మకాల విభాగంవారు గొడవ పెడతారు. ‘మాది మీకు పనికిరాదు’ అని ఒకచోట చెప్పగలిగినవారు, ‘ఇది మీకు పనికొస్తుంది’ అన్నప్పుడు నమ్మకం కలుగుతుంది. ప్రకటనకు ఈ పని చేతకాదు. దానికి ఉన్న చోటు చిన్నది, పైగా అది డబ్బిచ్చి చెప్పించిన మాట అని అందరికీ తెలుసు.

నమ్మకం సంగతి వచ్చింది కాబట్టి 2006లో జరిగిన రెండు ఉదంతాలు చెబుతాను. పాతవే అయినా పాఠం పాతబడలేదు. వాల్‌మార్ట్ దుకాణాల వాహన నిలుపు స్థలాల్లో రాత్రిళ్లు ఆగుతూ, అమెరికా అంతా తిరుగుతున్న ఒక జంట ‘వాల్‌మార్టింగ్ అక్రాస్ అమెరికా’ అనే బ్లాగు రాసేది. దారిలో కలిసిన ఉద్యోగులందరూ సంతోషంగానే ఉన్నట్టు అందులో కనిపించేది. ఆ ప్రయాణానికి డబ్బిచ్చింది వాల్‌మార్ట్ తరఫున పనిచేసే ఎడెల్‌మన్ అనే ప్రచార సంస్థ నడిపించిన వేదిక అని ఆ ఏడాది అక్టోబరులో బయటపడింది. ఎడెల్‌మన్ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లు ప్రయాణించడం అబద్ధం కాదు. డబ్బెవరిదో దాచడమే కొంప ముంచింది.

అదే ఏడాది కంప్యూటర్ల సంస్థ డెల్ కథ ఇంకోలా నడిచింది. అంతకు ముందు ఏడాది, తన లాప్‌టాప్ విషయంలో సేవ సరిగా లేదని జెఫ్ జార్విస్ అనే పాత్రికేయుడు తన బ్లాగులో వరసగా రాశారు. ఆ కోపానికి వేలాది గొంతులు తోడయ్యాయి. డెల్ 2006 జులైలో సొంత బ్లాగు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఒక సమావేశంలో డెల్ లాప్‌టాప్ మంటల్లో ఉన్న ఫొటోలు ఇంటర్నెట్ అంతా తిరుగుతున్నాయి. బ్లాగు తెరిచిన కొద్ది రోజులకే డెల్ వాళ్లు దాన్ని దాచకుండా, ఆ మండిన లాప్‌టాప్ గురించే అక్కడ రాశారు. ఆగస్టులో 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచారు. బ్లాగు వల్ల బ్యాటరీ బాగుపడలేదు, నిజమే. కానీ ఏం జరుగుతోందో సంస్థ నోటి నుంచే వినడానికి కొన్నవారికి ఒక చోటు దొరికింది. మీకూ ఏదో ఒక రోజు ఒక లాటు కలప సరిగా ఆరకుండా వచ్చి, పలకలు వంకర పోతాయి. ఆ రోజు బ్లాగులో ఏం జరిగింది, ఎవరి సామానుకు, ఎలా మారుస్తారు అని రాయగలిగితే, అంతకుముందు రాసిన టపాలన్నిటి కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

టపాల కింద వచ్చే వ్యాఖ్యల్లో తిట్టు ఉన్నా తీసేయకండి. బూతులూ మోసపు లింకులూ మాత్రమే తీసేయండి. మిగతావాటికి మీ పేరుతో జవాబివ్వండి.

ఏజెన్సీ చెప్పిన ముప్పై టపాల విషయానికి వస్తాను. సెర్చ్ ఇంజిన్లను రాశులుగా పోసిన పేజీలతో గెలవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ‘పాండా’ అనే మార్పు తెచ్చి, పస లేని పేజీలు పోగేసిన సైట్లను కిందికి తోసింది. మరుసటి ఏడాది ‘పెంగ్విన్’ వచ్చి, ఫలితాల్లో పైకి రావడానికి వేరే సైట్లలో కొని పెట్టించుకున్న లింకుల పని పట్టింది. 2022 ఆగస్టులో, చదివేవారికి పనికొచ్చేలా రాసినదాన్ని పైకి తేవడానికి మరో మార్పు చేసింది. ఆ ఏడాది చివర్లో, పేజీల నాణ్యతను అంచనా వేసేవారికి ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతలకు తోడుగా ‘అనుభవం’ అనే మాటను చేర్చింది. 2024 మార్చిలో తెచ్చిన నియమాలు ఇంకా సూటిగా ఉన్నాయి: ర్యాంకుల కోసం కుప్పలుగా పేజీలు తయారుచేస్తే, అది మనిషి చేసినా యంత్రం చేసినా దుర్వినియోగమే. కృత్రిమ మేధ సాయం తీసుకోవడాన్ని గూగుల్ తప్పుపట్టలేదు. పస లేకుండా రాశి పోయడాన్ని తప్పుపట్టింది.

మీకు అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ ముప్పై టపాలు మీ కర్మాగారం గడప తొక్కని యంత్రం రాసినవి. వాటిలో ఉన్నదే ఇంకో వంద సైట్లలోనూ ఉంటుంది. ఇప్పుడు సెర్చ్ ఇంజిన్లు మామూలు ప్రశ్నలకు ఫలితాల పేజీ మీదే సారాంశం ఇచ్చేస్తున్నాయి, అందరికీ తెలిసినదాన్ని మళ్లీ చెప్పే టపాను తెరవాల్సిన అవసరమే చదువరికి లేకుండా పోతోంది. మీ మేస్త్రీ చేతిలో ఉన్న అనుభవం, మీ ఫొటోలు, మీరు చేసి చూసిన ప్రయోగాలు ఇంకెక్కడా దొరకవు. ఒకే చెక్క ముక్కను మూడు భాగాలు చేసి, మూడు రకాల పూతలు వేసి, మీద వేడి గ్లాసు పెట్టి, మర్నాడు ఏ పూత మీద తెల్లటి వలయం పడిందో ఫొటో తీసి పెట్టండి. ఆ ఒక్క టపాకు ఏజెన్సీవారి ఏడాది పని సాటి రాదు.

‘లింకులు కూడా తెప్పిస్తాం’ అని వాళ్లు అని ఉంటారు. డబ్బిచ్చి పెట్టించుకునే లింకులకు ‘స్పాన్సర్డ్’ అనో ‘నోఫాలో’ అనో గుర్తు పెట్టాలన్నది గూగుల్ నియమం. గుర్తు పెడితే ర్యాంకుకు ఉపయోగం ఉండదు, పెట్టకపోతే నియమం తప్పినట్టు. అటు పోవద్దు. మీ రంగంలోనే పోటీ లేని ఇంకొకరి బ్లాగుకు, ఉదాహరణకు ఇంటి లోపలి అలంకరణ చేసేవారికి, మీ పేరుతో ఒక మంచి వ్యాసం రాసివ్వండి. దాన్ని చదివి వచ్చేవారు పదిమందే అయినా, మీ పని మీద ఆసక్తితో వచ్చేవారు.

సోషల్ మీడియా ఉండగా బ్లాగు ఎందుకన్న సందేహానికి జవాబు చిన్నదే. అక్కడి పోస్టు ఒకటి రెండు రోజులు కనిపించి కిందికి జారిపోతుంది, మంచి టపాను ఏళ్ల తరబడి వెతుక్కుని వస్తారు. పైగా ఆ వేదిక మీది కాదు. నచ్చిన బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌ను నమ్ముకున్న బ్లాగర్లు ఎందరో ఉండేవారు, 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది. అందుకని బ్లాగు మీ సొంత డొమైన్ మీదే, అంటే మీ పేరున ఉన్న వెబ్ చిరునామాలోనే ఉండాలి. బ్లాగు నడపడానికి వర్డ్‌ప్రెస్ వాడితే సాఫ్ట్‌వేరు ఉచితం, రేపు హోస్టింగ్, అంటే సైటును ఉంచే చోటు, మార్చుకున్నా టపాలన్నీ వెంట తీసుకుపోవచ్చు. చదివినవారు ఈమెయిలు ఇచ్చి చేరడానికి ఒక చిన్న పెట్టె పెట్టండి. సోషల్ మీడియాను ఆ టపాల దగ్గరికి మనుషుల్ని తీసుకొచ్చే దారిగా వాడుకోండి.

రాసేదెవరు? ‘మావాళ్లెవరికీ రాయడం రాదు’ అనే మాట అన్నిచోట్లా వింటాను. రాయనక్కర్లేదు, మాట్లాడితే చాలు. మేస్త్రీని కూర్చోబెట్టి, నోటు పుస్తకంలోని ఒక ప్రశ్న అడిగి, ఫోనులో రికార్డు చేయండి. ఆయన చెప్పిన క్రమంలోనే, ఆయన మాటల్లోనే టైపు చేయించండి. అచ్చుతప్పులు దిద్దండి, ఊనికలు ఉంచండి. టపా మీద ఆయన పేరు వేయండి, ఆయనకు ఇష్టమైతే ఫొటో కూడా. ‘అడ్మిన్’ రాసిన టపాకూ, ఇరవై ఏళ్లుగా ఉలి పట్టిన మనిషి చెప్పినదానికీ చదివేవారి దృష్టిలో ఉండే తేడా మీరే చూస్తారు. రెండు వారాలకు ఒకటి చాలు. మానకుండా రాయడం ముఖ్యం. నెలకు నాలుగు అని మొదలుపెట్టి మూడో నెలలో ఆగిపోయిన బ్లాగును చూస్తే, వ్యాపారమే మూతపడిందేమో అనుకుంటారు.

ఫలితం ఎలా తెలుస్తుందన్నారు. ఎంతమంది చూశారన్న అంకె వెంట పడకండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. ఏయే మాటలు వెతికి మీ దగ్గరికి వచ్చారో అందులో చూడండి, మీరు జవాబు రాయని ప్రశ్నలు కూడా అక్కడ దొరుకుతాయి. ఫోను చేసిన ప్రతివారినీ ‘మా గురించి ఎలా తెలిసింది, ఏం చదివారు?’ అని అడిగి, అదే పుస్తకంలో రాయించండి. ఇంకో ఉపయోగాన్ని చాలామంది గమనించరు. మీ అమ్మకాలవారు ఫోనులో పావుగంట వివరించే సంగతిని ఒక లింకు పంపి ముగించగలుగుతున్నారా? పంపుతుంటే, సెర్చ్ ఇంజిన్ నుంచి ఒక్కరూ రాకపోయినా ఆ టపా జీతం సంపాదిస్తున్నట్టే. కొత్త సైటుకు వెతుకులాటల ద్వారా జనం రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఈ లింకులే మిమ్మల్ని నిలబెడతాయి.

పాత టపాల సంగతి ఒక్కటి మిగిలింది. శుభాకాంక్షలు, గడువు తీరిన తగ్గింపు ప్రకటనలు తొలగించండి. ‘చెక్క సంరక్షణ చిట్కాలు’ అని మీరు పెట్టిన దాంట్లో సరుకు ఉంది, కానీ పది చిట్కాలు పది ముక్కలుగా ఉన్నాయి. వాటిలో నీటి మరకల చిట్కాను విడదీసి, తెల్లటి మరక పైపూతలో చిక్కిన తేమ వల్ల వస్తుందని, నల్లటి మరక అయితే నీరు చెక్కలోకే దిగిందని, రెండింటికీ వైద్యం వేరని ఒక పూర్తి టపా చేయండి. పేజీ చిరునామా పాతదే ఉంచి, తేదీ కింద ‘సవరించినది’ అని రాయండి. ఏజెన్సీవారికి ఏదైనా పని ఇవ్వాలనుకుంటే, టపాలు రాయించవద్దు. రికార్డింగులు విని టైపు చేయడం, ఫొటోలు సరిచేయడం, సైటు ఫోనులో త్వరగా తెరుచుకునేలా చూడటం, ఈ మూడూ అప్పగించండి. వాళ్లు దానికి ఒప్పుకోకపోతే వదిలేయండి.